‘ఆముక్తమాల్యద’ రాజనీతి ప్రకరణం: పరమాధికారం ఎక్కడుంది?

కీలక పదాలు: ఆముక్తమాల్యద, శ్రీకృష్ణదేవరాయలు, ఆజ్ఞ, సార్వభౌముడు, అంతర్యామి, విజయనగర రాజ్యతత్త్వం

తెలుగులో రాజనీతిశాస్త్ర పాఠ్యగ్రంథాలు ‘సార్వభౌమాధికారం’ అనే మాటను స్థిరపరిచాయి. భారత రాజ్యాంగ పీఠిక తెలుగు పాఠం ‘సర్వసత్తాక’ అనే మాటను ఎంచుకుంది. ఈ రెండూ పర్యాయపదాలుగా చెలామణీ అవుతున్నా వాటి లోపలి కొలతలు వేరు. సార్వభౌముడు సర్వభూమికీ ప్రభువు. ఆ మాట నేల విస్తీర్ణాన్ని కొలుస్తుంది. 1576లో ఫ్రెంచి న్యాయవేత్త బోడిన్ నిర్వచించిన అధికారం మరొకటి. అది నిరపేక్షం, శాశ్వతం, తనపై మానవాధికారం దేనినీ అంగీకరించనిది. 1651లో హాబ్స్, 1832లో ఆస్టిన్ ఈ భావాన్నే మరింత బిగించారు. ప్రజలంతా అలవాటుగా ఎవరికి విధేయులో, తాను అలవాటుగా ఎవరికీ విధేయుడు కాడో అతడే పరమాధికారి అన్నది ఆస్టిన్ సూత్రం. ఇక్కడి కొలత ఎత్తుకు సంబంధించినది. మండలమంత నేలలోనైనా ఈ అధికారం సంపూర్ణంగా ఉండవచ్చు. సముద్రాల దాకా ఏలినవాడికైనా అది లేకపోవచ్చు.

ఈ తేడాను గమనించకపోవడం ప్రాచీన కావ్యాల అధ్యయనంలో పెద్ద చిక్కునే తెచ్చిపెట్టింది. కావ్యంలో ‘సార్వభౌముడు’ కనబడగానే ఆధునిక పరమాధికారి దొరికాడనుకోవడం, ‘ధర్మం’ కనబడగానే అతడి చేతులు కట్టేసే రాజ్యాంగం దొరికిందనుకోవడం పరిపాటి అయింది. ఈ అలవాటుకు ఎక్కువగా గురైన రచన శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’. ఇందులోని చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు కుమారుడికి ఉపదేశించే రాజనీతి ప్రకరణం తెలుగు విమర్శకూ, విజయనగర చరిత్రకూ ఉమ్మడి ఆస్తి. చరిత్రకారులు దాన్ని పాలనా సమాచారం కోసం తవ్వుకున్నారు. సాహిత్య విమర్శకులు సైన్యం, కోశం, దుర్గం, మంత్రి అంటూ పద్యాలను విభజించి పట్టికలు కట్టారు. కౌటిల్యుడితో పోల్చడం ఆ పట్టికలకు తప్పనిసరి ముగింపు అయింది. (అర్థశాస్త్రం 1909లో శామశాస్త్రి పరిష్కరణతో అచ్చయ్యేదాకా ఆ పోలికకు అవకాశమే లేదన్న సంగతి ఆ వ్యాసాల్లో అరుదుగా గుర్తుకు వస్తుంది.) ఈ రెండు వర్గాలూ ప్రకరణాన్ని కావ్యం నుంచి విడదీసే చదివాయి. పరమాధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఈ కావ్యం ఇచ్చే సమాధానం ఆ విడదీతలోనే చాలావరకు జారిపోయింది.

రాజ్యం వదులుకుంటున్నవాడి మాట

ఉపదేశం చేస్తున్న యామునాచార్యుడు పుట్టుకతో రాజు కాడు. వైష్ణవ సిద్ధాంతాన్ని నిలబెట్టే వాదంలో రాజసభలో గెలిచి రాజ్యభాగాన్నీ, రాజు చెల్లెలినీ పొందినవాడు. అతడికి అధికారం వారసత్వంగా రాలేదు, యుద్ధంలోనూ రాలేదు, వాక్కు తెచ్చిపెట్టింది. ఆ తరువాత రాజభోగంలో తన వచ్చిన పని మరిచిపోయాడు. శ్రీరామమిశ్రుడు వంటవాళ్ల ద్వారా ఒక ఆకుకూర పంపి, దాని రుచితో రాజదర్శనం సంపాదించి, తాతగారు దాచిన నిధి రెండు నదుల నడుమ ఉందనీ, దానికి ఒక సర్పం కాపలా అనీ చెబుతాడు. ఆ నిధి శ్రీరంగంలో శేషశాయి అయిన రంగనాథుడు. నిధిని చూసిన యామునుడికి రాజ్యంపై మనసు నిలవలేదు. కొడుకుకు పట్టం కట్టి, వెళ్లిపోతూ చెప్పిన మాటలే రాజనీతి ప్రకరణం.

ఈ కథాచట్రాన్ని భక్తికావ్య లాంఛనంగా తీసి పక్కన పెట్టడం సులభం. అయితే దీన్ని రాసినవాడు 1509 నుంచి 1529 దాకా సింహాసనంపై కూర్చున్నవాడు. 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీడును, 1520లో రాయచూరును గెలిచినవాడు. రాజ్యం ఏలే పద్ధతిని చెప్పడానికి రాజ్యం ఏలుతున్న పాత్రను ఎంచుకోకుండా, దాన్ని వదులుతున్న పాత్రను ఎంచుకున్నాడు. పైగా ఆ పాత్ర వైరాగ్యబోధతో సరిపెట్టదు. ఏనుగుల ఖర్చు, ఓడరేవుల వర్తకం, వేగులవాళ్ల వినియోగం, శిక్షల అమలు - అన్నీ వివరంగా చెబుతుంది. ఇంత నిర్మోహమైన లౌకికజ్ఞానం నిర్మోహి నోటి నుంచే రావడం కావ్యానికి బలం. ఇటలీలో మాకియవెల్లి తన ‘ప్రిన్స్’ను 1513 ప్రాంతంలో రాశాడు. సమకాలికత కారణంగా ఈ రెండింటినీ జతచేసే వ్యాసాలు వచ్చాయి. కానీ మాకియవెల్లి పదవి పోగొట్టుకుని, తిరిగి కొలువు ఆశిస్తూ రాశాడు. యామునుడికి రాజ్యంతో ఇక పనిలేదు. ఈ తేడా ముందు పద్యాల మధ్య కనిపించే పోలికలు చిన్నవి.

ఆజ్ఞ చెల్లడం

ప్రకరణంలో పరమాధికారానికి అతి దగ్గరగా వచ్చే మాట ‘ఆజ్ఞ’. ఆభీరులు, భిల్లులు వంటి అడవి జనుల్లో సైతం బాణపు గుర్తు, నూలుపోగు గుర్తు చూపితే దొర ఆజ్ఞ చెల్లుతుందనీ, సార్వభౌముడి ఆజ్ఞ మరెంతగా చెల్లాలో చెప్పనక్కర లేదనీ యామునుడు అంటాడు. ఈ తర్కాన్ని నిదానంగా పరిశీలించాలి. సార్వభౌముడి అధికారానికి ప్రమాణం వేదం నుంచీ రాలేదు, వంశం నుంచీ రాలేదు. అడవి నుంచి వచ్చింది. పట్టాభిషేకం, శాసనం, రాజముద్ర ఏవీ లేనిచోట ఒక బాణం, ఒక దారం చాలినప్పుడు అధికారానికి మూలం ఆ వస్తువుల్లో లేదని తేలుతోంది. గుర్తును గుర్తించే జనం ఉన్నారు గనుక గుర్తు పనిచేస్తోంది. ఆజ్ఞ ఇచ్చేవాడి గొప్పతనాన్ని చెప్పబోయిన పద్యం, ఆజ్ఞ పాటించేవాళ్ల వైపు దృష్టిని మళ్లిస్తుంది. అలవాటైన విధేయతను పరమాధికారానికి లక్షణంగా చెప్పిన ఆస్టిన్‌కు ఈ పద్యం పరాయిది కాదు. ఐతే ఆస్టిన్ ఆ విధేయతను లెక్కకు తీసుకుని ఊరుకుంటాడు. యామునుడు దాన్ని ప్రతిరోజూ సంపాదించుకోవలసిన వస్తువుగా చూస్తాడు.

అడవి జనుల గురించే మరోచోట చెప్పిన మాట దీనికి తోడవుతుంది. వాళ్లను పూర్తిగా సరిదిద్దాలనుకోవడం మట్టిగోడను కడగడం లాంటిదని, కోపగించి లాభం లేదని, మాటతో ఈవితో మంచి చేసుకుంటే శత్రుభూముల మీదికి పనికివస్తారని ఉపదేశం. ఇందులో ఆ జనుల పట్ల చులకన ఉంది. దాన్ని సమర్థించనక్కర లేదు. రాజాజ్ఞకు అంచు ఉందన్న ఒప్పుకోలు కూడా ఉంది. కడిగినకొద్దీ మట్టే వస్తుందని తెలిసినవాడు సర్వభూమికీ ప్రభువునని చెప్పుకోవచ్చు గాని, ఆ భూమి అంతటా అధికారం ఒకే సాంద్రతతో ఉందని నమ్మడు.

శిక్షల విషయంలో యామునుడి మాట మరింత పదునైనది. మరణశిక్ష పడినవాడికి మూడుసార్లు మొరపెట్టుకునే అవకాశం ఇవ్వాలి. అయితే ఎవడు తప్పించుకుంటే రాజుకే ముప్పు వస్తుందో వాణ్ణి వెంటనే చంపాలి. నియమమూ, నియమాన్ని తోసిపుచ్చే సందర్భమూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ సందర్భం ఎప్పుడు వచ్చిందో నిర్ణయించేది రాజే. మినహాయింపును నిర్ణయించేవాడే పరమాధికారి అని 1922లో జర్మన్ న్యాయవేత్త కార్ల్ ష్మిట్ ప్రతిపాదించాడు. ఆ కొలబద్దతో చూస్తే యామునుడి శిష్యుడు నిస్సందేహంగా పరమాధికారి. ‘ధర్మబద్ధమైన రాజరికం’ అన్న మాటతో ఈ ప్రకరణాన్ని మెత్తబరిచే విమర్శకులు ఈ పద్యం దగ్గర సాధారణంగా ఆగరు. ధర్మదృష్టితో ఏలమని పదేపదే చెప్పిన నోరే తక్షణవధనూ చెప్పింది. ఈ రెంటినీ కలిపి చదవనిదే ప్రకరణం అర్థం కాదు.

మంత్రి, దుర్గాధిపతి

రాజు అధికారానికి మొదటి ప్రమాదం పక్కనే ఉంటుంది. తగిన మంత్రి దొరకనప్పుడు రాజు తానే కార్యభారం వహించాలనీ, తగనివాణ్ణి మంత్రిగా పెట్టుకుంటే వాడు గుమ్మడికాయంత ముత్యమై బాధిస్తాడనీ, చివరికి రాజు వాడి చేతిలో బతకవలసి వస్తుందనీ చెప్పిన పద్యం చాలామందికి ఆ ఉపమానం వల్లే గుర్తుంది. అంత ముత్యం అపురూపమే. మెడలో మోయడం మాత్రం కష్టం. ఈ పద్యాన్ని సాళువ తిమ్మరుసు కథతో ముడిపెట్టే ధోరణి ఒకటి ఉంది. యువరాజు మరణంలో అనుమానంతో రాయలు తిమ్మరుసును శిక్షించి కళ్లు తీయించాడన్నది పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ చెప్పిన కథ. దాని ఆధారంగా కావ్యానికి కాలం కట్టడం గాని, పద్యంలో పశ్చాత్తాపమో పగో వెతకడం గాని ప్రమాణానికి నిలవదు. పద్యం చెప్పేది పేరులేని ఇబ్బంది: పరమాధికారం ఒకరి పేరున ఉండి మరొకరి చేతిలో నడవడం.

దుర్గాలను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగించమన్న ఉపదేశం చరిత్రకారుల్లో ఎక్కువ చర్చకు దారితీసింది. చోళ, విజయనగర రాజ్యాలను ఖండఖండాలుగా ఉన్న రాజ్యాలుగా భావించిన బర్టన్ స్టెయిన్, 1980లో వెలువరించిన గ్రంథంలో రాజుకు తన కేంద్రమండలం వెలుపల ఉన్నది ప్రధానంగా కర్మకాండకు సంబంధించిన ఆధిపత్యమేనని వాదించాడు. బ్రాహ్మణ దుర్గాధిపతులను స్థానిక నాయకుల బలానికి విరుగుడుగా కేంద్రం వాడిన సాధనంగా గుర్తించినవాడూ అతడే. ఈ రెండు అభిప్రాయాలూ ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఆధిపత్యం లాంఛనప్రాయమే అయితే కోటకు ఎవరిని కాపలా పెట్టాలన్న ఆందోళన రాజుకు ఎందుకు? యామునుడి మాటల్లో ఈ ఆందోళన ఎడతెగనిది. ఎవరిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, పైకెత్తినవాణ్ణి కిందికి దించితే ఏమవుతుంది, వేగు తెచ్చిన వార్త విన్న క్షణంలోనే కోపగించవచ్చా - ఇవన్నీ అధికారం చేతిలో ఉండీ జారిపోగలదని తెలిసిన పాలకుడి ప్రశ్నలు. ఈ ప్రకరణాన్ని లాంఛనప్రాయమైన నీతిగా చూడక, ఒక నిర్దిష్ట కాలపు రాజ్యచింతనగా చదవాలని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం చూపిన దారి ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది. బద్దెన నీతిశాస్త్రం, మడికి సింగన సంకలనం చేసిన సకలనీతిసమ్మతం వంటి తెలుగు నీతిపరంపరను ఆ చింతనకు నేపథ్యంగా నిలపడం వాళ్ల పరిశోధన చేసిన ముఖ్యమైన మేలు.

రాబడిని నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి కేటాయించమన్న లెక్క కూడా ఆ ఆందోళన నుంచే పుట్టింది. గుర్రాలు, ఏనుగులు తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, కొలువు, మంచి లాభం ఇచ్చి తనవాళ్లను చేసుకోవాలన్న సలహాకు చెప్పిన కారణం మరీ సూటిగా ఉంటుంది: ఆ సరకు శత్రువుకు చేరకూడదు.

ఇంటి వాసాలు వంటచెరకైనచోట

ప్రకరణమంతటిలోనూ కోపం పొంగే పద్యం ఒకటి ఉంది. బాధలు పడలేక రైతులు ఊరు విడిచి పోతారు. అధికారి వాళ్లను తిరిగి పిలిపించడు. వాళ్లు వదిలిన పశువులను, గింజలను అమ్ముకుంటాడు; ఇళ్లు వంటకట్టెలకు పనికివచ్చాయని సంతోషిస్తాడు. అలాంటివాణ్ణి యామునుడు యుద్ధభూమిలో తిరిగే నక్కతో పోలుస్తాడు. అటువంటి అధికారి ఉన్న రాజు ఏడు దీవులు గెలుచుకున్నా అతడికి సమృద్ధి లేదంటాడు.

‘సార్వభౌముడు’ అన్న మాటలోని విస్తీర్ణపు కొలతను ఇక్కడ కావ్యమే కొట్టివేసింది. ఏడు దీవులకు మించిన విస్తీర్ణం పురాణ భూగోళంలో లేదు. అంత భూమి ఉన్నా, ఒక ఊళ్లో కూలిన ఇళ్ల ముందు అది నిలవలేదు. నక్క శవాలను తింటుంది, చంపదు. రైతును వెళ్లగొట్టినవాడు ఎవరైనా కావచ్చు. అధికారి నేరం, పిలవవలసిన చోట పిలవకపోవడం. ఆ నేరఫలితం అధికారి ఖాతాలో కాక రాజు ఖాతాలో పడింది. ఆజ్ఞ కిందికి దిగుతుంది, లోటు పైకి ఎక్కుతుంది. చెరువులు, కాలువలు తవ్వించి పేద సేద్యగాళ్లకు పన్ను తగ్గించి ఇస్తే రాజ్యానికి ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయని ఇదే ప్రకరణం చెప్పింది. పదహారో శతాబ్దపు దక్కనులో నేలకంటె మనుషులు కరువు. సేద్యగాడు పొరుగు సీమకు పోగలడు. పోగలిగినవాడి చేతిలో ఒక అధికారం ఉంది. దానికి పేరు లేదు, సభ లేదు, హక్కుగా గుర్తింపు లేదు. అయినా ఏడు దీవుల సార్వభౌమత్వాన్ని ఖాళీ చేయగల శక్తి దానికి ఉందని కావ్యకర్త అయిన రాజుకు తెలుసు.

ఇంతమాత్రాన ఇందులో ప్రజాసార్వభౌమత్వం ఉందనడం అతిశయోక్తి. యామునుడి ప్రజ రాజును ఎన్నుకోదు, దించదు. వెళ్లిపోవడం ఒక్కటే దానికి తెలుసు. అయితే ప్రజ మౌనంగా లేదు. రాజు రాష్ట్రం మేలు కోరితే రాష్ట్రం రాజు మేలు కోరుతుందనీ, ప్రజలు కోరుకుంటే ఒరిగేదేమిటని అనుకోవద్దనీ, అందరూ ఏకముఖంగా కోరిన దాన్ని వాళ్ల ఆత్మలోనే ఉన్న ఈశ్వరుడు ఇవ్వకుండా ఉండడనీ చెప్పిన పద్యం ఈ చర్చకు కీలకం. విశిష్టాద్వైతంలో ఈశ్వరుడు జీవులలో అంతర్యామి. ఆ సిద్ధాంతాన్ని రాయలు రాజ్యతంత్రంలోకి తెచ్చాడు. పరమాధికారం దేవుడిదే, అయితే ఆ దేవుడు ఆకాశం నుంచి రాజు చెవిలో మాట్లాడడు, ప్రజల లోపల కూర్చుని వింటాడు. రాజు దేవతాంశ అన్న మాట స్మృతులలో ఉన్నదే, ఈ కావ్యంలోనూ వినబడేదే. ప్రజల కోరిక ద్వారా దేవుడు పనిచేస్తాడన్నది అంత తరచుగా వినబడే మాట కాదు. రాజులోని దేవతాంశను గురించి రాసిన పేజీలతో పోలిస్తే ప్రజలలోని అంతర్యామిని గురించి తెలుగు విమర్శ రాసింది స్వల్పం. దీన్ని కొరత అనే అనాలి.

ప్రకరణం వెలుపలి రాజులు

కావ్యంలోని ఇతర రాజులను యామునుడి పక్కన నిలబెట్టినప్పుడు ఈ చిత్రం మరింత స్పష్టమవుతుంది. మధుర నేలే మత్స్యధ్వజుడు రాత్రివేళ ప్రియురాలి ఇంటికి పోతూ దారిలో ఒక బ్రాహ్మణుడు చదివిన సుభాషితం విని ఆగిపోతాడు. పరానికి ఏం కూడబెట్టుకున్నానన్న ప్రశ్న అతణ్ణి పట్టుకుంటుంది. పరతత్త్వం ఏదో తేల్చమని పండితులను పిలిపించి ధనాన్ని పందెంగా పెడతాడు. దండించగల రాజు, పరమం ఏదన్న ప్రశ్నను తానే తేల్చుకోలేక సభకు అప్పగించాడు.

ఆ సభలో విష్ణుచిత్తుడు చెప్పిన ఖాండిక్య కేశిధ్వజుల కథ విష్ణుపురాణం నుంచి వచ్చింది. కేశిధ్వజుడి చేతిలో రాజ్యం పోగొట్టుకుని ఖాండిక్యుడు అడవిలో ఉన్నాడు. యజ్ఞధేనువును పులి చంపగా, ప్రాయశ్చిత్తం తెలిసినవాడు శత్రువే కనుక కేశిధ్వజుడు ఒంటరిగా అతడి దగ్గరికే వస్తాడు. చంపి రాజ్యం తీసుకోమని మంత్రులు చెబుతారు. చంపితే తనకు దక్కేది భూమి, అతడికి దక్కేది పరలోకం అని ఖాండిక్యుడు నిరాకరిస్తాడు. గురుదక్షిణగా ఏం కావాలో కోరుకోమన్నప్పుడు రాజ్యమంతా అడగమని మంత్రులు మళ్లీ చెబుతారు. అతడు అధ్యాత్మవిద్యను అడుగుతాడు. రెండుసార్లు సర్వభూమి చేతికి వచ్చింది, రెండుసార్లూ వదిలాడు. ఇక్కడ మంత్రులు చెప్పింది చెడ్డ రాజనీతి అనడానికి వీల్లేదు. శత్రువు ఒంటరిగా చిక్కినప్పుడు ఏం చేయాలో నీతిశాస్త్రాలన్నీ చెప్పే మాటే అది. యామునుడి ప్రకరణానికీ ఆ వాసన తెలుసు. ఒకే కావ్యం తృతీయాశ్వాసంలో రాజ్యం తీసుకోనివాణ్ణి పొగిడి, చతుర్థాశ్వాసంలో రాజ్యం ఎలా నిలుపుకోవాలో చెప్పింది. దీన్ని వైరుధ్యంగా చూసి సర్దబోవడం కంటె, పాఠకుడు ఆ వరుసలోనే చదవాలని కవి కోరాడని గ్రహించడం మేలు. రాజ్యం తీసుకోకుండా ఉండగలిగినవాడి కథ విన్నాకే రాజ్యతంత్రం వినాలి.

కావ్యావతారికలోనూ ఆజ్ఞ దిశ ఇదే. కళింగ దండయాత్రలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో విడిది చేసిన రాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఈ కథను తెలుగులో రాయమంటాడు. మిగతా కావ్యాల అవతారికల్లో రాజు కొలువులో కూర్చుని కవిని అడుగుతాడు. ఇక్కడ అడిగించుకున్నవాడు రాజు. కృతిభర్త తిరుమల వేంకటేశ్వరుడు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో రాయలు చేతులు జోడించి నిలిచిన విగ్రహాలు ఈ సంబంధాన్నే లోహంలో చూపుతాయి.

అయితే కావ్యంలోని దేవుడూ కచేరీలోని దేవుడూ ఒకరు కారు. విజయనగర రాజులు తమ శాసనాల చివర తమ పేరు కాక ‘శ్రీవిరూపాక్ష’ అని చేవ్రాలు చేశారు. రాజ్యం హంపీ విరూపాక్షుడిది, రాజు అతడి తరఫున ఏలేవాడు అన్న భావన సంగమ వంశం నుంచి వచ్చింది. పరమవైష్ణవుడైన రాయలు కూడా ఆ ఒరవడిని మార్చలేదు. రాజు మనసు ఏ దేవుడికి విధేయమైనా, రాజ్యం పాత దేవుడి పేరుతోనే ఆజ్ఞాపించింది. పరమాధికారం వ్యక్తిలో ఉంటే ఆ చేవ్రాలు 1509 తర్వాత మారి ఉండాలి. అది మారింది ఆరవీటి వంశపు రెండవ వేంకటపతిదేవరాయల కాలంలో. శాసనాల చివర వేంకటేశుడి పేరు చేరేనాటికి రాజధాని హంపీలో లేదు. 1565 యుద్ధం తరువాత ఆ నగరం పాడుబడి చాలా ఏళ్లయింది.